ముందు సీటును మరిచిన విలాసం

తొలినాటి ఖరీదైన కార్ల గురించి రాసేవారంతా వాటి వెనుక గదినే వర్ణిస్తారు. హైదరాబాద్‌ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్‌ దగ్గర కూడా అందరి చూపూ వెనుకనున్న సింహాసనంలాంటి ఆసనం మీదికే పోతుంది. కానీ ఆ తరం కార్ల అసలు లోపం ముందు సీటు దగ్గర ఉంది. డ్రైవరు సుఖాన్ని లెక్కలోకి తీసుకోనందువల్లనే వెనుక కూర్చున్న యజమానికి సైతం దశాబ్దాలపాటు నిజమైన సుఖం దక్కలేదు.

అప్పట్లో రోల్స్ రాయిస్‌ వంటి సంస్థలు ఛాసిస్‌, అంటే ఇంజను, చక్రాలు అమర్చిన చట్రం మాత్రమే అమ్మేవి. బాడీని బార్కర్‌, హూపర్‌ వంటి బగ్గీ తయారీదారులు యజమాని కోరినట్టు కట్టేవారు. టౌన్‌ కారు అనే పద్ధతిలో యజమాని గదికి పైకప్పు, అద్దాల తలుపులు ఉండేవి, డ్రైవరుకు మాత్రం ఎండావానలే దిక్కు. వెనుక సీటుకు మేలిరకం ఉన్ని బట్ట, తడిసినా పాడవదని డ్రైవరు సీటుకు తోలు వేసేవారు. యజమాని ఆజ్ఞలు వినిపించేందుకు ఒక గొట్టం డ్రైవరు చెవి దాకా వచ్చేది. ఇంజనును చేతి హ్యాండిల్‌ తిప్పి స్టార్ట్‌ చేసే పని కూడా డ్రైవరుదే. ఆ బాధ తప్పించే ఎలక్ట్రిక్‌ స్టార్టర్‌ అమెరికా కారు కాడిలాక్‌కు 1912 మోడల్‌లోనే వచ్చింది. రోల్స్ రాయిస్‌ వారి సిల్వర్‌ గోస్ట్‌ మోడల్‌కు అది అమరడానికి 1919 దాకా పట్టింది. హ్యాండిల్‌ వెనక్కి తన్నితే విరిగేది డ్రైవరు మణికట్టే కదా!

నాటి సాంకేతికత అంతవరకే అనుమతించిందని, వైపర్లు లేని రోజుల్లో వానలో అద్దం వెనుక నుంచి దారి కనిపించేది కాదని కొందరంటారు. అందులో కొంత నిజముంది. అయితే వైపర్లు మామూలైపోయిన 1930లలోనూ ముందు భాగం తెరిచి ఉన్న కార్లను హోదా చిహ్నంగా కట్టించుకున్నారు. కాబట్టి దీన్ని సాంకేతికత ఖాతాలో వేసి ఊరుకోలేం.

ఇక కుదుపులను ఓర్చుకునే కమాన్‌ కట్టల (పట్టీ స్ప్రింగుల) విషయానికి వద్దాం. యజమాని సీటు సరిగ్గా వెనుక ఇరుసు మీద ఉండేది గనుక వెనుక కమాన్లను మెత్తగా చేశారు. ముందువైపు ఒకే దూలంలాంటి ఇరుసు ఉండటంతో కమాన్లు మెత్తబడితే చక్రాలు అదిరిపోతాయని వాటిని గట్టిగా ఉంచారు. ఫలితంగా గతుకు తగిలినప్పుడల్లా కారు ఉయ్యాల బల్లలా ముందుకీ వెనక్కీ ఊగి, మెత్తటి దిండ్ల మీద కూర్చున్నవారికే కడుపులో తిప్పేది. రోల్స్ రాయిస్‌ నుంచి కాడిలాక్‌కు వెళ్లిన ఇంజినీరు మారిస్‌ ఆలీ, బరువులు అటూఇటూ మార్చగల పరీక్షా వాహనంతో తేల్చిందేమిటంటే, ముందు స్ప్రింగులు వెనుకవాటికన్నా మెత్తగా ఉంటేనే ఆ ఊగుడు తగ్గుతుంది. అందుకోసం ముందు చక్రాలను దేనికది విడిగా కదిలేలా అమర్చాల్సి వచ్చింది, 1934 కాడిలాక్‌లలో అది అమలైంది. అదే ఏడాది క్రైస్లర్‌ సంస్థ తన ఎయిర్‌ఫ్లో కారులో ఇంజనును ముందుకు జరిపి, వెనుక సీటును ఇరుసు మీద నుంచి తప్పించింది. వెనుక గదికి ఎన్ని హంగులు చేర్చినా తీరని బాధ, అప్పటిదాకా పట్టించుకోని ముందు భాగాన్ని సరిచేశాకే తీరిందన్నమాట.

మన లారీల తీరు నేటికీ ఆ పాత పద్ధతినే గుర్తు చేస్తుంది. కేబిన్‌ లేని ఛాసిస్‌ కొని, విజయవాడ ఆటోనగర్‌ వంటి చోట్ల బాడీ కట్టించడం మనకు కొత్త కాదు. అలా కట్టినప్పుడు సరుకు ఎంత పడుతుందన్నదే యజమాని మొదటి లెక్క. డ్రైవరు నడుము ఛాసిస్‌ చేసినవారి బాధ్యతా కాదు, బాడీ కట్టినవారి బాధ్యతా కాదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఈ దిశలో చాలా ఆలస్యంగా పడిన మంచి అడుగు. అదే పట్టుదలతో డ్రైవరు సీటు కుదుపులకూ, కేబిన్‌ అదురుకూ కొలతలు నిర్ణయించి, ఛాసిస్‌ అమ్మే సంస్థను, బాడీ కట్టే షెడ్డును రెండింటినీ వాటికి బాధ్యుల్ని చేయాలి.