ఫోన్ లాక్కుంటే మాట ఆగిపోతుంది

ఆన్‌లైన్‌లో పిల్లలకు ఎదురయ్యే ప్రమాదాల్లో చాలా వేగంగా ముదిరేది నగ్న ఫొటో చూపించి చేసే బ్లాక్‌మెయిల్. దాని తీరు దాదాపు ప్రతిసారీ ఒకటే. ఏదో ఆటలోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో తమ ఈడువాళ్లలా కనిపించే ప్రొఫైల్ నుంచి పలకరింపు వస్తుంది. నాలుగు మాటలయ్యాక వేరే యాప్‌లోకి రమ్మంటారు. సంభాషణపై కన్నేసే ఏర్పాట్లు అక్కడ తక్కువ కాబట్టే ఆ పిలుపు. తర్వాత ఎవరిదో నగ్న ఫొటో పంపి, బదులుగా అలాంటిదే ఒకటి అడుగుతారు. అది అందిన నిమిషాల్లోనే గొంతు మారుతుంది. ముందే తీసి పెట్టుకున్న స్నేహితుల జాబితా స్క్రీన్‌షాట్ చూపించి, డబ్బు పంపకపోతే వీళ్లందరికీ చేరుతుందని బెదిరిస్తారు. ఒకసారి డబ్బిస్తే ఇచ్చే చెయ్యి దొరికిందని అడిగే మొత్తం పెరుగుతుంది.

ఇదంతా కొన్ని గంటల్లోనే జరిగిపోవచ్చు. ఇంట్లో తెలిస్తే ఏమంటారో, ఫోన్ ఎక్కడ లాక్కుంటారోనన్న బెంగతో ఆ కాసేపూ బిడ్డ నోరు విప్పదు. బెదిరించేవాడికి కావలసిందీ ఆ మౌనమే. ‘ఏం జరిగినా నాకు చెప్పు, చెప్పినందుకు తిట్టను, ఫోన్ తీసుకోను’ అని తల్లిదండ్రులు ముందే మాటివ్వాలని, ఇచ్చిన మాట మీద నిలబడాలని మేం కోరుతున్నాం. ఏ యాప్ సెట్టింగూ ఈ మాటకు సాటిరాదు.

బిడ్డ వచ్చి చెబితే మొదట చేయాల్సింది జవాబివ్వడం ఆపేయడం. డబ్బు పంపకూడదు, బతిమాలకూడదు. భయంలో చాలామంది చాట్ మొత్తం చెరిపేస్తారు. దాంతో సాక్ష్యం పోతుంది. బెదిరింపు సందేశాలు, యూజర్ నేమ్, ప్రొఫైల్ లింకు, డబ్బు అడిగిన ఖాతా వివరాలు స్క్రీన్‌షాట్లు తీసి, తేదీ, సమయం రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాతే యాప్‌లో ఫిర్యాదు చేసి, ఖాతాను బ్లాక్ చేసి, పోలీసుల దగ్గరకు వెళ్లాలి. సాక్ష్యం పేరుతో బిడ్డ ఫొటోను మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు.

అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ నడిపే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఆన్‌లైన్ సేవ ఈ సమయంలో అక్కరకొస్తుంది. 18 ఏళ్లలోపు తీసిన ఫొటోలకు ఇది ఉచితం, పేరు చెప్పనక్కరలేదు. ఫొటో మన ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. దాని నుంచి తయారైన హ్యాష్ అనే సంకేతం మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరడానికి ఒప్పుకున్న యాప్‌లు, వెబ్‌సైట్లు ఆ సంకేతంతో సరిపోలే ఫొటోలను వెతికి తొలగిస్తాయి. ఫొటోను కత్తిరించినా, మార్చినా సంకేతం మారుతుంది, అప్పుడు మళ్లీ నమోదు చేయాలి. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేని చాట్‌లలో తిరిగే ఫొటోలను ఇది పట్టుకోలేదు.

ఇక తెలియక జరిగే పొరపాటు పుట్టిన తేదీది. సామాజిక మాధ్యమాల్లో 13 ఏళ్ల హద్దుకు మూలం అమెరికా 1998లో చేసిన కోప్పా (COPPA) అనే పిల్లల ఆన్‌లైన్ గోప్యత చట్టం. 13 ఏళ్లలోపు పిల్లల సమాచారం సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది ఆ చట్టం. ఆ అనుమతులు తెచ్చుకునే పని లేకుండా కంపెనీలు 13 నిండినవారికే ఖాతా అన్నాయి. పిల్లల పరిణతిని కొలిచి పెట్టిన అంకె కాదిది. పదేళ్ల పాప ఖాతా కావాలని మారాం చేస్తే పెద్దవాళ్లే పుట్టిన సంవత్సరాన్ని మూడేళ్లు వెనక్కి జరుపుతారు. పాపకు 15 వచ్చేసరికి యాప్ లెక్కలో 18 నిండుతాయి. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో తెచ్చిన టీన్ ఖాతాల్లో 18లోపు వారి ప్రొఫైల్ మొదటినుంచీ ప్రైవేటుగా ఉంటుంది, తాము ఫాలో కానివారి నుంచి సందేశాలు రావు. 16లోపు వారు ఆ కట్టడి సడలించుకోవాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. ఈ పాపకు ఇవేవీ వర్తించకపోవచ్చు. పిల్లల పక్కనే కూర్చుని ప్రతి ఖాతాలోనూ పుట్టిన తేదీ చూడండి, తప్పుంటే సరిచేయండి. వయసు చాలక ఖాతా పోతే పోనివ్వండి.

అలా కూర్చున్నప్పుడే స్నేహితుల జాబితా ఎవరికి కనిపిస్తోందో కూడా చూడాలి. బెదిరించేవాడి ఆయుధం అదే. ప్రైవేటు ఖాతా అయినా, రిక్వెస్ట్ ఒప్పుకున్న క్షణంలో చాలా చోట్ల ఆ జాబితా అవతలివారికి తెరుచుకుంటుంది. ఆటల్లో చాట్‌ను తెలిసినవాళ్లకే పరిమితం చేయాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో వైఫై రూటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్‌ను (సైట్ల చిరునామాలు వెతికిపెట్టే సేవను) 1.1.1.3గా మారిస్తే అశ్లీల సైట్లు చాలావరకు తెరుచుకోవు. మొబైల్ డేటాకో, వేరే సర్వర్ మీదుగా నెట్ నడిపే వీపీఎన్‌కో మారితే ఆ అడ్డు ఉండదు.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి ప్రధాన సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు లేకుండా చేసింది. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఆన్‌లైన్ ఆటలు, మెసేజింగ్ యాప్‌లు దాని పరిధిలో లేవు. వల పడేది, బిగిసేది తరచూ అక్కడే. బ్రిటన్ 2020లో అమల్లోకి తెచ్చిన పిల్లల కోడ్ దారి మాకు ఎక్కువ నచ్చింది. పిల్లలు వాడే ఆన్‌లైన్ సేవల్లో గోప్యత మొదటినుంచే ఎక్కువగా ఉండాలి, లొకేషన్ ఆపి ఉండాలి అంటుందది. ఆ బాధ్యత సేవ నడిపే కంపెనీదే. స్నేహితుల జాబితాను పిల్లల ఖాతాల్లో మొదటినుంచే దాచి ఉంచడం కంపెనీలకు పెద్ద పనేమీ కాదు, వెంటనే చేయాలి.