ఎల్‌ఈడీకి మహాలఘు దర్శనం

పిల్లల చేతికి ఎల్‌ఈడీలిచ్చి సైన్స్ నేర్పించాలనే వాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. తిరుపతిలో నాకు బాగా తెలిసిన ఒక బడి ఉంది (పేరు చెప్పను, సన్మానాలంటూ విసిగిస్తారు). అక్కడ సైన్స్ కిట్టు బీరువాలో క్షేమంగా ఉంది. యాభై ఎల్‌ఈడీలు వచ్చాయి, యాభై ఉన్నాయి. కవరు కూడా చింపలేదు.

అలాగని పిల్లలకు అన్యాయం జరిగిందనుకునేరు. 1928లో సి.వి.రామన్ తన రామన్ ఎఫెక్ట్‌ను కనుగొన్న రోజని ఏటా ఫిబ్రవరి 28న బీరువా తెరుస్తారు. ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులూ క్యూలో నిలబడాలి. మనిషికి ఒక్క క్షణం. "జరగండి, జరగండి" అని పీఈటీ సార్ భుజం పట్టి ముందుకు తోస్తారు. కొండ మీద మహాలఘు దర్శనానికి అలవాటుపడ్డ ఊరు కదా, ఎవరూ నోరెత్తరు.

తాకనిస్తే ఏమవుతుందో తెలుసా? ఎర్ర ఎల్‌ఈడీకి రెండు వోల్టులు చాలు. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలిస్తే మాడిపోతుంది. మధ్యలో కరెంటును అదుపుచేసే రెసిస్టర్, 350 ఓమ్‌లదో అంతకు కాస్త ఎక్కువదో పెట్టాలి. ఒకటి మాడ్చుకున్న పిల్లాడు ఓమ్ సూత్రాన్ని జన్మలో మరిచిపోడు. చిక్కంతా అక్కడే. మరిచిపోకపోతే ట్యూషన్ ఎందుకు? రెండు మూడు రూపాయల ఎల్‌ఈడీ కోసం ఇన్ని కుటుంబాల పొట్ట కొడతామా?

పైగా మేం ప్రాక్టికల్స్ మానలేదు. పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్ అని పదేసిసార్లు రాయించాం. రికార్డులో సర్క్యూట్ బొమ్మ వేయించాం. పసుపు స్కెచ్ పెన్నుతో పిల్లలు వెలిగించిన ఎల్‌ఈడీల్లో ఇంతవరకు ఒక్కటీ మాడలేదు.

పాడుచేసేది బయటివాళ్లే. అలిపిరి దగ్గర రీజనల్ సైన్స్ సెంటర్‌కు తీసుకెళితే అక్కడ బటన్లు నొక్కనిస్తారు! కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లైతే 172 ఎకరాల్లో ఇదే పని. వెళ్లొచ్చిన పిల్లలు వారం దాకా కుదురుగా కూర్చోరు.

మొన్న ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె గంగమ్మ జాతర సీరియల్ సెట్లోంచి ఊడిపడ్డ ఎర్ర ఎల్‌ఈడీ ఏరుకొచ్చింది. మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీకి అటో కాలు ఇటో కాలు ఆనించింది. వెలగలేదు. తిప్పి పెట్టింది, వెలిగింది. అంతటితో ఊరుకుందా?

"రెసిస్టర్ లేదు కదా సార్, మరెందుకు మాడలేదు?"

ఆ బిళ్ల లోపలే కొంత నిరోధం ఉంటుంది, కరెంటును అదే అదుపులో పెడుతుంది. సార్‌కూ తెలుసు. కానీ పాఠం వెనక ప్రశ్నల్లో అది లేదు. అందుకని ఎల్‌ఈడీని లాక్కుని కిట్టులో పడేశారు.

స్టాక్ రిజిస్టర్‌లో యాభై, బీరువాలో యాభై ఒకటి. ఆడిట్ దగ్గర పడుతోంది. ఎక్కువొచ్చిన ఆ ఒక్కదానికీ లెక్క ఎలా చూపాలో తెలియక హెడ్మాస్టర్ గారు మూడు రోజులుగా టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినడం లేదు.