4.2 గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 4.2 స్టార్ రేటింగ్ గారికి,

నమస్కరించి రాయునది. తమరు వస్తువు ఫొటో కింద పసుపు చుక్కలు పెట్టుకుని కూర్చోగానే వస్తువు కార్ట్‌లో పడుతోంది, మేము బుట్టలో పడుతున్నాం. అందుకే తమరి పుట్టుపూర్వోత్తరాలు కాస్త విచారించాం.

వందమందిలో 80 మంది అయిదేసి, 20 మంది ఒక్కోటి ఇస్తే సగటు 4.2. 20 మంది అయిదేసి, 80 మంది నాలుగేసి ఇచ్చినా 4.2. మొదటిచోట అయిదుగురిలో ఒకరు నెత్తి కొట్టుకుంటున్నారు, రెండోచోట ఎవరికీ పెద్ద పేచీ లేదు. తమరి ముఖం మాత్రం రెండుచోట్లా ఒక్కటే. సాదా సగటు కాదు, కొన్ని రివ్యూలకు ఎక్కువ బరువిస్తాం అనే సైట్లూ ఉన్నాయి. ఆ తూకపురాళ్లు మాత్రం మా కంటపడనివ్వవు.

పది రివ్యూల మీద నిలబడ్డ తమరిని 4.5కి ఎక్కించాలంటే ఆరు అయిదు స్టార్లు చాలు. వెయ్యి రివ్యూలుంటే ఆరువందలు కావాలి. కొత్త సరుకు దిగిన తొలివారంలోనే తమరి ఇంటికి చుట్టాల తాకిడి ఎందుకో ఇప్పుడర్థమైంది.

డబ్బాలో వస్తువు అడుగున రంగుల చీటీ ఉంటుంది: ‘5 స్టార్లిచ్చి స్క్రీన్‌షాట్ పంపండి, డబ్బు వాపస్’. అలా రాసినవాడికీ ‘వెరిఫైడ్ పర్చేజ్’ ముద్ర పడుతుంది. కొన్నమాట నిజమే కదా! డబ్బు సైటు బయటి దారిన వెనక్కొచ్చిన సంగతి ముద్రకు తెలీదు. పొగిడితేనే బహుమతి అనే ఈ షరతును అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నియమం 2024 అక్టోబరు నుంచి నిషేధించింది. చీటీకి నియమాలు చదివే అలవాటున్నట్టు లేదు.

ఇక పరకాయప్రవేశం. ఛార్జర్ అమ్మిన పేజీలోనే పేరూ ఫొటో మార్చి దిండు అమ్ముతారు, పాత రివ్యూలు అలాగే ఉంచుతారు. దిండు కింద ‘త్వరగా ఛార్జ్ అవుతోంది’ అని కనిపిస్తే అది కవిత్వం కాదు.

కాబట్టి ఇకమీదట తమరిని పక్కకు జరిపి, ఏ స్టారు ఎంతమంది ఇచ్చారో చూపే కింది గీతలు చూస్తాం. ఒక స్టారు గీత రెండు, మూడు స్టార్ల గీతలకంటే బాగా పొడుగ్గా ఉంటే అక్కడ ఆగి చదువుతాం. వాటిలో ‘డెలివరీ ఆలస్యం’ అన్నవాటిని తీసేస్తాం, ఆ పాపం వస్తువుది కాదు. ‘కొత్తవి ముందు’ నొక్కుతాం, ఎందుకంటే మొదట మంచి సరుకు పంపి పేరొచ్చాక నాసిది పంపడం పాత విద్యే. ఒకే రెండు మూడు రోజుల్లో గుంపుగా దిగిన పొగడ్తల తేదీలు చూస్తాం. మూడు స్టార్లవి మాత్రం తీరిగ్గా చదువుతాం: డబ్బు తీసుకున్నవాడు మూడివ్వడు, ఒళ్లుమండినవాడూ మూడివ్వడు. జిప్పు ఎన్నాళ్లకు ఊడిందో, మూత ఎక్కడ కారుతోందో చెప్పేది ఆ మధ్యవాళ్లే.

ఇట్లు,
తమరిని నమ్మి మూడోసారి రిటర్న్ నొక్కిన కొనుగోలుదారులు

తా.క.: ‘ఇంకా వాడలేదు, ప్యాకింగ్ సూపర్’ అని అయిదిచ్చిన పెద్దమనిషిని అడిగామని చెప్పండి.