అగ్నిశిఖ దుంప మింగే సలహా వద్దు
అగ్నిశిఖ దుంపను గోమూత్రంలో నానబెట్టి పొడి చేస్తే కీళ్ల నొప్పులకు ఇంట్లోనే వాడుకోవచ్చని ఎవరో రాశారు. నేనైతే ఒప్పుకోను. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వానాకాలం జీడితోటల కంచెల మీద ఇది ఆకు కొసల్ని మెలిపెట్టి, దొరికినదాన్నల్లా పట్టుకుని ఎగబాకుతుంది. ఎరుపూ పసుపూ పూలు, బాగానే ఉంటుంది చూడ్డానికి. దుంపేమో పెండలంలా ఉండి మోసం చేస్తుంది. ఇందులో ఉండే కాల్చిసిన్ అనే విషపదార్థాన్నే డాక్టర్లు గౌట్ అనే కీళ్ల జబ్బుకి అర మిల్లీగ్రాము మాత్రగా ఇస్తారు. మరి దుంపపొడిలో ఎంతుందో ఎవరు తూచారు? మోతాదు మించితే వాంతులు, విరేచనాలు, ప్రాణం మీదకే రావచ్చు. బతికి బయటపడ్డా కొన్నాళ్లకు జుట్టు ఊడిపోతుంది. పైగా కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లోంచి ఈ మందు త్వరగా బయటికి పోదు. మా వైపు కిడ్నీ జబ్బులు ఎంత ఎక్కువో కొత్తగా చెప్పాలా? డయాలసిస్‌కి వెళ్లే మా పక్కింటి తాతగారే ఈ పొడి సంగతి అడిగేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది.