మార్చిలో నింపాల్సిన రెండో దరఖాస్తు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో స్థిరపడ్డ వాళ్లకు ఏటా ఆగస్టులో ఊరి నుంచి ఒక ఫోను వస్తుంది. "ఒరే తమ్ముడూ, పాపకు ఎంబీబీఎస్ సీటు వచ్చేట్టు లేదురా. ఇంకేమన్నా ఉందేమో చూడు." ఆగస్టులో చూడ్డానికి మిగిలేది తక్కువ. రెండో దారికి ప్రవేశ పరీక్షల దరఖాస్తులు చాలావరకు మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంటే మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ ఇంకా రాయకముందే వచ్చి పోతాయి. "ముందు నీట్ కానీలే, తర్వాత చూద్దాం" అనే మాట వల్లే ఎక్కువమంది పిల్లలకు ఏడాది పోతోంది.

2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. క్వాలిఫై అయినవాళ్లు 12.36 లక్షలు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు. క్వాలిఫై అయిందని స్వీట్లు పంచిన ప్రతి పది ఇళ్లలో దాదాపు ఒక్క ఇంటికే సీటు, అదీ ప్రైవేటు సీట్లు కలుపుకుని. మన పిల్లలకు చూడాల్సిన లెక్క ఇంకోటుంది. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు ప్రకారం ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం స్థానికులవి. మన స్థానిక ప్రాంతం ఎస్వీ యూనివర్సిటీ ఏరియా, అంటే పాత నాలుగు రాయలసీమ జిల్లాలు, నెల్లూరు. ఈ ఏరియాలో, మీ కేటగిరీలో, నిరుడు చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసి మాట్లాడాలి. హైదరాబాద్ కోచింగ్ సెంటర్ వాళ్లు చెప్పే కటాఫ్‌తో పని లేదు.

రెండో దారిలో మొదటిది ఎంసెట్, అంటే అగ్రికల్చర్, ఫార్మసీ లాంటి సీట్లకు రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష. పేరు ఈఏపీసెట్ అయినా ఊళ్లో అందరూ ఎంసెట్ అనే అంటారు. నీట్ పిల్లలకు దీనిమీద చిన్నచూపు, పైగా "సిలబస్ అదే కదా" అన్న ధీమా. సిలబస్ చాలావరకు అదేగానీ పరీక్ష అది కాదు. మూడు గంటల్లో 160 ప్రశ్నలు: బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కంప్యూటర్ మీద రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇందులో మైనస్ మార్కులు లేవు. రెండేళ్లపాటు "డౌటుంటే వదిలెయ్" అని నేర్చుకున్న బిడ్డ ఇక్కడ కూడా పాతికో ముప్పయ్యో వదిలేసి వస్తుంది. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని నొక్కినా ముప్పయ్యికి ఏడెనిమిది తగులుతాయి, ర్యాంకు మారిపోతుంది. చివరి పది నిమిషాలు ఖాళీలు నింపడానికే ఉంచుకోవాలి. ఈ అలవాటు మార్చడానికి రెండు మూడు మాక్ టెస్టులు చాలు, కానీ అవి నీట్‌కూ ఎంసెట్‌కూ మధ్య దొరికే ఆ రెండు వారాల్లో రాయించాలి. సరిగ్గా ఆ రెండు వారాలే పిల్లలు నిద్రపోతారు. ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉందన్నది కూడా ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. నీట్ మోజులో బోర్డు పరీక్షలు మొక్కుబడిగా రాసిన పిల్లలు నష్టపోయేది ఇక్కడే.

ఎంసెట్ ర్యాంకు వచ్చినంత మాత్రాన వ్యవసాయ సీటు ఇంటికి రాదు. బీఎస్సీ అగ్రికల్చర్‌కు ఎన్జీ రంగా వ్యవసాయ వర్సిటీ నోటిఫికేషన్ వేరుగా వస్తుంది, దానికి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఫార్మసీ కౌన్సెలింగ్‌లో పేరుంది కదా అని కూర్చున్నవాళ్లకు మహానంది వ్యవసాయ కళాశాల చేజారుతుంది. హార్టికల్చర్‌కూ అంతే, రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేటలో కాలేజీ ఉంది. రైతు కోటాకు పట్టాదారు పాసుపుస్తకం, మున్సిపాలిటీ బయట చదివినట్టు సర్టిఫికెట్ కావాలి. పల్లె బడి హెడ్మాస్టర్ సంతకం వేసవి సెలవుల్లో దొరకదు, ఏప్రిల్‌లోనే తెచ్చిపెట్టుకోవాలి.

బీఫార్మసీని తీసిపారేయొద్దు. నాలుగేళ్ల కోర్సు. బైపీసీ వాళ్లకు మొదటి సెమిస్టర్లో రెమెడియల్ మ్యాథ్స్ పెడతారు కాబట్టి లెక్కలంటే భయమక్కర్లేదు. ఫార్మ్ డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఆరేళ్లు. పేరు ముందు డాక్టర్ అని పడుతుందని ఇందులో చేర్పించేవాళ్లున్నారు, అది మాత్రం కారణం కాకూడదు.

సైన్సు మీద నిజంగా ఇష్టమున్న బిడ్డకు తిరుపతి ఐసర్ ఉంది, సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ. ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలు, 240 మార్కులు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ తలా పదిహేను ప్రశ్నలు. మ్యాథ్స్ పూర్తిగా వదిలేసినా మిగతా 180 మార్కులకు పోటీ పడొచ్చు. ఇందులో మైనస్ ఉంది, జాగ్రత్త. దీని దరఖాస్తు గడువు నీట్‌కు ముందే అయిపోతుంది.

నీట్ ర్యాంకుతోనే దొరికేవి కూడా ఉన్నాయి. కడపలో ప్రభుత్వ హోమియో కాలేజీ, ఆయుర్వేదం, బీడీఎస్ (పళ్ల డాక్టరు చదువు), పశువైద్యంలో 15 శాతం అఖిల భారత కోటా. పశువైద్య కాలేజీ ప్రొద్దుటూరులోనే ఉంది. ఐదున్నరేళ్ల చదువు, గొర్రెలూ పాడీ ఉన్న సీమలో పనికి కొదవ లేదు. బీడీఎస్ విషయంలో నాది కొంచెం కఠినమైన అభిప్రాయం: సొంత క్లినిక్ పెట్టే స్తోమత, పళ్ల వైద్యం మీద ఇష్టం రెండూ ఉంటేనే చేరాలి.

ఇక మన దగ్గరికి వచ్చే అసలు అడుగు: "మేనమామ అమెరికాలో ఉన్నాడుగా, ఎన్ఆర్ఐ కోటాలో పెడదాం." ఆంధ్రలో ప్రైవేటు కాలేజీ సీట్లలో సగం కన్వీనర్‌వి, 35 శాతం బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీట్లు, 15 శాతం సీ కేటగిరీ, అంటే ఎన్ఆర్ఐ. బాబాయిలు, మేనమామలు, కజిన్ల దాకా ఎన్ఆర్ఐ నిర్వచనం పెంచిన పంజాబ్ ప్రభుత్వ ఉత్తర్వును హైకోర్టు కొట్టేస్తే, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థించింది. అందుకని స్పాన్సర్ లెటరు, బ్యాంకు కాగితాలు తయారుచేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్లో ఏ బంధుత్వం ఒప్పుకుంటారో చదవాలి. మాట ఇచ్చేముందు నాలుగున్నరేళ్ల ఫీజు ఎవరు కడతారో కాగితం మీద రాసుకోవాలి. మొదటి ఏడు కట్టి రెండో ఏడు చేతులెత్తేస్తే చుట్టరికం కూడా చెడుతుంది.

విదేశీ ఎంబీబీఎస్‌కు 2021 నవంబరు నిబంధనలు గట్టిగా ఉన్నాయి. ఇంగ్లిష్ మీడియంలో కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో ప్రాక్టీసుకు లైసెన్సు దొరికే డిగ్రీ, అంతా పదేళ్లలోపు. తిరిగొచ్చాక విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్షలో 300కు 150 తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ పరీక్షలో చాలాసార్లు మూడో వంతు మంది కూడా పాసవడం లేదు. ఏజెంటు బ్రోచరులో హాస్టల్లో ఆంధ్రా మెస్సు ఉందని రాసుంటుంది, ఇంటర్న్‌షిప్ ఎక్కడన్నది రాసుండదు. నీట్ క్వాలిఫై కాకుండానే పంపుతామన్నవాడికి అడ్వాన్సు ఇవ్వొద్దు.

లాంగ్ టర్మ్, అంటే ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ నీట్ రాయడం, దాని మాటేమిటి? ఒక్కసారికి నేను వ్యతిరేకం కాదు. మన ఏరియా చివరి సీటుకూ బిడ్డ మార్కులకూ తేడా యాభై అరవై ఉండి, అవి ఫిజిక్స్‌లోనో తప్పు గుర్తింపుల్లోనో పోయాయని తేలితే ఏడాది పెట్టొచ్చు. ఒక్క తప్పు సరైతే ఐదు మార్కుల తేడా: పోయిన ఒకటి, రావాల్సిన నాలుగు. తేడా నూట యాభై ఉండి, బయాలజీలోనే 360కి 250 దాటకపోతే, అదే హాస్టల్లో ఇంకో ఏడాది పెట్టినా పెద్దగా మారదు. రెండో లాంగ్ టర్మ్ అడిగితే ముందు ఎక్కడో ఒక చోట చేర్పించమనండి.

అట్లా చేర్పించేటప్పుడు ఒక చిక్కుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉండిపోతాయి. మళ్లీ మెడికల్ కౌన్సెలింగ్‌కు వెళ్లాలంటే అవి ఫలానా కాలేజీలో ఉన్నాయని కస్టోడియన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. చేరిన రోజే అడిగి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కూడా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టండి, ఇంటర్ హైదరాబాద్‌లో చదివిన పిల్లల స్థానికత వాటి మీదే తేలుతుంది. ఆల్ ఇండియా కోటాకు రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్ర ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీ లేయర్) సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అదీ ఏప్రిల్ 1 తర్వాతి తేదీతో.