సవరణ: మాల్‌లో పార్కింగ్ మొత్తం ఉచితం కాదు

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు బండి ఎక్కడ పెట్టాలో మొన్న రాస్తూ, "మాల్ అయినా థియేటర్ అయినా పార్కింగ్‌కి ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు" అన్నాను. అది తప్పు. 2018 నాటి ప్రభుత్వ ఉత్తర్వును సగమే చదివి రాసేశాను.

మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలే అందరికీ ఉచితం. అక్కడి నుంచి గంట వరకు ఆ మాల్‌లో ఏదైనా కొన్న బిల్లు చూపించాలి, ఎంత చిన్నదైనా సరే. గంట దాటితే బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ ఛార్జీ కంటే ఎక్కువ మొత్తానిది అయి ఉండాలి. లేదంటే కట్టాల్సిందే. అందుకే టీ తాగిన బిల్లయినా గేటు దాటేదాకా పారేయకండి.

సింగిల్ స్క్రీన్ థియేటర్ల సంగతి వేరు. 2021 జులైలో వచ్చిన ఉత్తర్వుతో వాళ్లు పార్కింగ్ డబ్బులు తీసుకోవచ్చు. అసలు దెబ్బ అక్కడే పడింది. నా మాట నమ్మి ఒకాయన స్కూటర్‌కి స్టాండు వేసి, టోకెన్లిచ్చే కుర్రాడితో ఆట మొదలయ్యేదాకా వాదించాడట. ఆ కుర్రాడిదే రైటు. పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను.