91వ కీర్తనను తీర్పుగా చదవకండి

మొన్న ఫిబ్రవరిలో ఇక్కడ అమెరికాలో, మన తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో, మనమంతా అక్క అని పిలుచుకున్న ఒకామె చనిపోయాక ఆమె కుటుంబాన్ని ఓదార్చడానికి జరిగిన ఆదరణ కూడికకు ఈ పత్రిక చదివేవారిలో చాలామంది వచ్చారు. క్రైస్తవులు కానివారు కూడా, ఉగాది వేడుకల్లో అక్కతో కలిసి పనిచేసిన ప్రేమకొద్దీ వచ్చి చివరి వరుసల్లో కూర్చున్నారు. యాభై నిండకుండానే క్యాన్సర్‌తో కన్నుమూసిన ఆమెను తలచుకుని పాటలు పాడాం, పిల్లలు నాలుగు మాటలు చెప్పారు, ఆ తరువాత వేరే రాష్ట్రం నుంచి పిలిపించిన ప్రసంగీకులు బైబిలులోని 91వ కీర్తన తెరిచారు. "నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు" అన్న వచనాన్ని సభ చేత మళ్లీ మళ్లీ చదివించి, దేవుని మాట అక్షరాలా నెరవేరి తీరుతుందని, ఎక్కడైనా నెరవేరలేదంటే లోపాన్ని మాటలో కాక మన విశ్వాసంలో వెతుక్కోవాలని చెప్పారు. భార్యను మట్టికి అప్పగించి వారమైనా కాని మనిషి ముందు వరుసలో కూర్చుని ఆ మాట విన్నారు. మర్నాడు రాత్రి ఆ అన్నయ్య, అక్క భర్త, నాకు ఫోన్ చేసి, "తమ్ముడూ, మేం సరిగ్గా ప్రార్థించలేదంటావా?" అని అడిగారు.

ఆ ప్రశ్న ఆయన నోట రావడమే నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది. ఆ వారాంతం నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన అక్క బైబిలు తీసి చూపించారు. 91వ కీర్తన ఉన్న పేజీ అంచున ఆమె పెన్సిల్‌తో, చీమంత అక్షరాలతో, కీమోకు వెళ్లిన తేదీలన్నీ ఒకదాని కింద ఒకటి వేసుకున్నారు. ఆ తేదీలు పదో వచనం పక్కన లేవు. "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అన్న పదిహేనో వచనం పక్కన ఉన్నాయి. శ్రమ రాదని ఆ వచనం చెప్పదు. శ్రమలోనే తోడుంటానంటుంది. ఒకే కీర్తనలో ఐదు వచనాల ఎడంలో ఉన్న ఈ రెండు మాటలనూ కలిపి చదవడం ఆమెకు తెలుసు. వేదికనెక్కి మాట్లాడినవారు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు.

ఒక్క వచనాన్ని విడదీసి చేతికిచ్చే అలవాటు మన ఇళ్లలోనే పుట్టిందని ఒప్పుకోవాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బుట్టలోంచి వాగ్దానం కార్డు తీసుకోవడం, అది ఏ సందర్భంలో ఎవరితో చెప్పిన మాటో చూడకుండా ఏడాది పొడవునా మనదే అనుకోవడం తెనాలిలో చేశాం, ఇక్కడికొచ్చాకా మానలేదు. ఈ అలవాటును గట్టిగా విమర్శించాలనే కలం పట్టాను. కాని మా అమ్మ బీరువా తలుపు లోపలివైపు, నాన్నగారి పింఛను కాగితాల పైన, ఏటేటా వరసగా అంటించిన ఆ కార్డులు గుర్తొస్తే చేయి ఆగిపోతోంది. నాన్నగారు పోయిన ఏటి కార్డు కూడా అందులోనే ఉంది. దేవుడు మాట తప్పాడని ఆమె దాన్ని చింపలేదు, నా విశ్వాసం చాలలేదని కుమిలిపోనూ లేదు. బట్టలు తీయడానికి బీరువా తెరిచిన ప్రతిసారీ చదువుకుంటుంది, అంతే.

అక్షరార్థమే ప్రమాణమనేవారు కూడా ఈ కీర్తనను మొదటి నుంచి చివరి వరకు అక్షరాలా చదవరు. నాలుగో వచనంలో దేవుడు తన రెక్కలతో కప్పుతాడని ఉంది, ఆయనకు రెక్కలున్నాయని ఎవరూ బోధించరు. పదమూడో వచనంలో సింహాలనూ నాగుపాములనూ తొక్కుతావని ఉంది, దాన్ని నమ్మి జంతుప్రదర్శనశాలలోకి దూకమని ఎవరూ చెప్పరు. ఈ రెండింటి నడుమ ఉన్న పదో వచనం మాత్రమే వైద్యుల నివేదికతో పోల్చి చూడవలసిన హామీ ఎలా అయిందో ఆ బోధ చేసినవారు చెప్పాలి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మత్తయి నాలుగో అధ్యాయంలో ఉంది. దేవాలయ శిఖరం మీద యేసును నిలబెట్టి, దూతలు నిన్ను చేతులతో ఎత్తుకుంటారని వ్రాసి ఉంది కదా, దూకమని అన్నది అపవాది, అంటే సాతాను. అతను ఎత్తి చూపింది ఈ 91వ కీర్తననే, అదీ అక్షరార్థంలోనే. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్న మరో లేఖనంతో యేసు ఆ పఠనాన్ని తోసిపుచ్చాడు. ఈ కీర్తనను ఎలా చదవకూడదో ఆయనే చూపించాక మనం ఇంకెవరిని అడగాలి?

అమెరికాలో స్థిరపడిన మనకు ఈ దేశపు అనుభవం కూడా తెలియాలి. మార్కు సువార్త చివరి అధ్యాయంలో విశ్వాసులు పాములను ఎత్తి పట్టుకుంటారన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకుని, గత శతాబ్దం ఆరంభంలో టెనెస్సీ కొండప్రాంతాల్లో ఆరాధనలోనే విషసర్పాలను పట్టడం మొదలైంది. ఆ పద్ధతిని వ్యాప్తి చేసినవారిలో ముఖ్యుడైన జార్జి హెన్స్‌లీ 1955లో ఫ్లోరిడాలో పాము కాటుకే మరణించాడు. ఆయన విశ్వాసం చిన్నదని నేననను. ఆ మాటను పరీక్షగా పెట్టుకోవడమే తప్పంటాను.

అలాగని ప్రతిదాన్నీ అలంకారంగా మార్చేయమనడం నా ఉద్దేశం కాదు. ఆ దారిలోనూ సంఘం నష్టపోయింది. మూడో శతాబ్దంలో అలెక్సంద్రియకు చెందిన బైబిలు పండితుడు ఓరిజెన్, సృష్టి వృత్తాంతంలో సూర్యుడు లేని మొదటి మూడు దినాలు మామూలు దినాలెలా అవుతాయని అడిగినప్పుడు అందులో న్యాయముంది. కాని అన్నిటా గూఢార్థం వెదికే ఆ అలెక్సంద్రియ సంప్రదాయం చరిత్రను కూడా ఉపమానంగా కరిగించేస్తోందని అంతియొకయ నగరపు క్రైస్తవ పండితులు అడ్డుచెప్పడంలోనూ న్యాయముంది. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థమని పౌలు రాశాడు, దాన్ని అలంకారమంటే నాకు మిగిలేదేమీ లేదు. "రోగినై యుంటిని, నన్ను చూడ వచ్చితిరి" అన్న యేసు మాటను అలంకారంగా తీసుకుని ఉంటే, 1883లో అమెరికా నుంచి గుంటూరుకు వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ స్త్రీల వైద్యానికి అంత ప్రయాసపడేవారు కారు, 1898లో గుంటూరులో ఆమె ఆసుపత్రి తెరుచుకునేదీ కాదు. మనలో ఎందరి అమ్మమ్మలు కుగ్లర్ ఆసుపత్రిలో కాన్పయ్యారో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడే నాకొక తేడా కనబడుతోంది. కుగ్లర్ లాంటివారు అక్షరాలా తీసుకున్నది ఆజ్ఞను, అదీ తమ మీదికి. ఆ కూడికలో అక్షరాలా తీసుకున్నది వాగ్దానాన్ని, అదీ ఎదుటివారి మీదికి. ఏ అర్థం దేవుని ప్రేమనూ పొరుగువాని ప్రేమనూ పెంచదో, ఆ అర్థం చెప్పినవాడు లేఖనాన్ని ఇంకా గ్రహించలేదని తొలినాటి సంఘపు పండితుడు అగస్టీన్ పదహారు వందల ఏళ్ల కిందటే రాశాడు. రోగి స్వస్థపడకపోతే అది విశ్వాసలోపమే అయితే, తన సహచరుడు త్రోఫిమును మిలేతు పట్టణంలో రోగిగా విడిచివచ్చానని రాసిన పౌలుకు ఏం జవాబు చెబుతాం? కడుపు జబ్బుతో తరచూ బాధపడే తిమోతికి ఆయన కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడే తప్ప, నీ విశ్వాసాన్ని పరీక్షించుకోమనలేదు. తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నా ఆయనకు దొరికిన జవాబు "నా కృప నీకు చాలును" అన్నదే. పుట్టుగుడ్డిని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులడిగితే, వీడూ కాదు, వీణ్ని కన్నవారూ కాదని ప్రభువే చెప్పాడు.

భిన్నంగా చదివేవారు కలిసి బతకడం మనకు కొత్తకాదు. ప్రభురాత్రి భోజనంలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరమా, జ్ఞాపకార్థమా అన్న ప్రశ్న మీద 1529లో జర్మనీలోని మార్బుర్గులో సంస్కరణ నాయకులు లూథర్, జ్వింగ్లీ ఒప్పందానికి రాలేక విడిపోయారు. మన ఫెలోషిప్‌లో గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, దోర్నకల్ సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు ఒకే బల్ల దగ్గర నిలబడతారు, ఎవరి నమ్మకం వారిది, ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపరు. రొట్టె విషయంలో చూపే ఆ ఓర్పును చావింటి దగ్గర కూడా చూపమని అడుగుతున్నాను.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇదే. ఆదరణ కూడికలో ఏ లేఖనం చదవాలో కుటుంబాన్ని అడిగి నిర్ణయించండి, మరణానికి కారణం గురించి ప్రసంగించవద్దని వచ్చే ప్రసంగీకులకు ముందే చెప్పండి. అడిగినా చెప్పే ఓపిక లేని కుటుంబమైతే, ఎంతకాలమని దేవునికి మొరపెట్టే 13వ కీర్తన చదవండి, లేదా లాజరు సమాధి దగ్గర "యేసు కన్నీళ్లు విడిచెను" అన్న చోట ఆగిపోండి. సండే స్కూలు పిల్లలకు ఏది పాటో, ఏది ఉత్తరమో, ఏది చరిత్రో గుర్తుపట్టడం నేర్పండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుతూ పెరిగే పిల్లలకు పాటను పాటగా వినడం కష్టం కాదు. వచ్చే నెల సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టండి. ప్రసంగీకులకు పంపవలసిన ఉత్తరం ముసాయిదా నేను రాసి తెస్తాను.